పాము పెట్టెకు వేడి ఎట్లు?

ఉర్దూలో "ఆస్తీన్ కా సాంప్" అను నుడికారము కలదు. చొక్కాచేతిలో దాగిన పాము అని దాని అర్థము. మిత్రుని వేషమున మెలగు ద్రోహిని గూర్చి ఆ మాట వాడుదురు. తెలుగువారు అట్టి సందర్భముననే పాముకు పాలుపోసి పెంచినట్లు అందురు. రెండు భాషలును ఒకే అట్టల నడుమ అచ్చగు మన సంచికలో ఆ రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి చూడగా మాకొక చిన్న సంగతి తోచినది. పాము పాలు త్రాగి బ్రతుకు జంతువు కాదు. కావున తెలుగు సామెత జీవశాస్త్రము ముందు నిలువదు. ఉర్దూ నుడికారము మాత్రము, తెలిసి పుట్టినదో తెలియక పుట్టినదో గాని, సత్యమునకు కొంత దగ్గరగా నున్నది. పెంచువానినుండి పాముకు కావలసినది పాలు కాదు, వెచ్చదనము. చొక్కాచేతిలో దూరిన పాము ద్రోహము తలపెట్టి దూరదు. అక్కడ చీకటిగాను వెచ్చగాను ఉండుటచే దూరును.

సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురము ప్రాంతములలో విదేశీ పాములను పెంచు వేడుక ఇటీవల మన విద్యార్థులలోను, వారి అన్నదమ్ములలోను కనబడుచున్నది. ఆఫ్రికా ఖండపు పశ్చిమ, మధ్య భాగములకు చెందిన బాల్ పైథాన్, అమెరికా ఆగ్నేయ రాష్ట్రములకు చెందిన కార్న్ స్నేక్ వీరికి ప్రియమైన జాతులు. రెండును విషము లేనివే. జంతుశాస్త్ర శాఖలో అట్టి పాము నొకదానిని పెట్టెలో నుంచి విద్యార్థులకు చూపవలెనను కోరిక కార్యవర్గము ముందునకు వచ్చినది. దానితోపాటు ఏ హీటరు కొనవలెనను ప్రశ్నయు వచ్చినది. పెట్టె క్రింద పరచు హీట్ మ్యాట్ చవుక యని కొందరనిరి. బల్బు చాలునని మరికొందరనిరి. మా అభిప్రాయము వేరు. ఏ హీటరు అనునది రెండవ ప్రశ్న. దానిని అదుపుచేయు థర్మోస్టాటు ఏది, ఉష్ణోగ్రతను ఎవరు, ఎక్కడ, దినమునకు ఎన్నిమారులు కొలిచెదరు అనునది మొదటి ప్రశ్న. దానికి సమాధానము లేనంతవరకు పెట్టెను ఖాళీగా నుంచవలెనని మా వాదము.

చట్టమును గూర్చి ముందుగా రెండు మాటలు చెప్పి ముగింతుము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన నాగుపామును, జెర్రిపోతును, కొండచిలువను పట్టి ఇంట నుంచుకొనుట నేరము. అవి ఇంటిలోనికి వచ్చినచో అటవీశాఖకు గాని, 1995లో హైదరాబాదున ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారికి గాని తెలుపవలెను. 2022లో సవరింపబడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన చట్టము వలన సైటీస్ అను అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలోని విదేశీ జంతువులును లెక్కలోనికి వచ్చినవి. బాల్ పైథాన్ ఆ పట్టికలలో నున్నది. 2024 నియమముల ప్రకారము దానిని పెంచువారు పరివేశ్ పోర్టల్ ద్వారా నమోదు చేయించుకొనవలెను. అది చేతులు మారినను, చనిపోయినను తెలుపవలెను. కాగితములు లేని పాముకు మంచి హీటరు ఏది యని మమ్ము అడుగువారికి మా వద్ద జవాబు లేదు.

ఇక అసలు సంగతి. సంగారెడ్డి ప్రక్కనే మంజీరా అభయారణ్యమున్నది. చలికాలపు ఉదయమున అక్కడికి పోయినవారు మొసళ్లు దిబ్బలపై కదలక పడియుండుట చూచియుందురు. ఎండ ముదిరిన కొలది అవి నోరు తెరచుకొని యుండును. ఇంకను ముదిరినచో నీటిలోనికి జారిపోవును. చూచువారు దానిని సోమరితనమని నవ్వుదురు. నిజమునకు మొసలి ఆ సమయమున పనిలో నున్నది. మన దేహము అన్నమును దహించి తన వేడిని తానే పుట్టించుకొనును. మొసలి, బల్లి, పాము ఆ పనిని చోటు మారుట ద్వారా చేసికొనును: ఎండకు కొంతసేపు, నీడకు కొంతసేపు. అమెరికా ఎడారి సరీసృపములను పరిశీలించి రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1944లో ఈ విషయమును స్పష్టపరచిరి. వారు చూపిన మరియొక సంగతి పాములు పెంచువారు గోడపై వ్రాసికొనదగినది: ఈ జంతువులు ఇష్టపడు ఉష్ణోగ్రతకును, వానిని చంపు ఉష్ణోగ్రతకును నడుమ దూరము కొద్ది డిగ్రీలు మాత్రమే.

అందుచేత పాము పెట్టెకు ఒక ఉష్ణోగ్రత కాదు, రెండు ఉండవలెను. బాల్ పైథాన్ పెట్టెలో ఒక కొస 31, 32 డిగ్రీల సెల్సియస్ వద్దను, రెండవ కొస 25 మొదలు 27 వద్దను ఉండుట మంచిదని పెంపకమునందు అనుభవము గలవారు చెప్పుదురు. ఎక్కడ ఎంతసేపు ఉండవలెనో పామునకే తెలియును. పెంచువాడు ఆ రెండు కొసలను ఏర్పరచి ఊరకుండవలెను. చల్లబడిన పాము తిన్న ఎలుకను జీర్ణము చేసికొనలేదు. ఆహారము కడుపులోనే కుళ్లును, లేక పాము దానిని కక్కివేయును. వారమునకొకసారి ఎలుకను ఇచ్చుచు, రాత్రి పెట్టెను చలిలో వదలివేయుట ఆ జంతువునకు విందు పెట్టి గొంతు నొక్కుట వంటిది.

అయితే మన ప్రాంతపు చలి ఎంత? పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పొలములు సముద్రమట్టమునకు సుమారు 545 మీటర్ల ఎత్తున నున్నవి. డిసెంబరు, జనవరి నెలల రాత్రులలో ఇక్కడ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పడిపోవుట మన మెరిగినదే. ఉదయపు షిఫ్టుకు సైకిలు తొక్కు కార్మికుని అడిగిన చెప్పును. మే నెలలో పగలు 40 దాటుటయు ఎరిగినదే. అనగా మనకు వేడి కావలసినది ముఖ్యముగా రెండు మూడు నెలల రాత్రులలో. మార్చి మొదలు జూను వరకు పామును చంపునది చలి కాదు, ఎండ. విదేశములలో వ్రాయబడిన పెంపకపు పుస్తకములు సంవత్సరము పొడుగునను ఇల్లు చల్లగా నుండు దేశములను మనస్సున నుంచుకొని వ్రాయబడినవి. వానిలోని సలహాను రేకుల కప్పు గల ఒంటిగది ఇంటిలో యథాతథముగా అమలుపరచినచో ఏప్రిల్ మాసముననే పాము చచ్చును.

ఈ సందర్భమున తమిళనాడులోని ఇరులవారి పద్ధతిని తలచుకొనవలెను. విషము తీయుటకై పాములు పట్టు ఇరులవారి సహకార సంఘము 1978లో ఏర్పడినది. చెన్నైకి దక్షిణమున వడనెమ్మెలిలో వారి కేంద్రమున్నది. వారు పాములను ఇసుక పోసిన మట్టికుండలలో నుంచి, మూతికి గుడ్డ కట్టుదురు. కొద్ది వారములలో విషము తీసి తిరిగి అడవిలో వదలుదురు. కుండ ఎండవేళ చల్లగా నుండును. వేడిప్రదేశములో బ్రతుకువారు వేడిని తెచ్చుటకంటె దానిని ఆపుటకే ఎక్కువ బుద్ధి ఖర్చుపెట్టిరని ఇందువలన తెలియుచున్నది. జీవితకాలము పెంచదలచిన పామునకు కుండ చాలదు గాని, అందులోని ఆలోచన మనకు పనికివచ్చును.

ఇప్పుడు హీటర్లకు వత్తుము. కృత్రిమముగా రాయివలె చేసి లోపల తీగెను పెట్టిన "హీట్ రాక్" అను వస్తువును గూర్చి చర్చయే వద్దు. అది పాము కడుపును కాల్చు పనిముట్టు. హీట్ మ్యాట్ అంత చెడ్డది కాదు. కాని అది గాలిని వేడి చేయదు. తనను తాకినదానిని మాత్రమే వేడి చేయును. పైన కొబ్బరిపీచు గాని కాగితము గాని మందముగా పరచినచో వేడి పైకి రాక క్రిందనే పెరిగిపోవును. పైన చేయి పెట్టి చూచిన యజమాని వెచ్చగా లేదని చింతపడును. పాము పీచును త్రవ్వుకొని అడుగునకు పోయి అచ్చట చుట్టుకొనును. బాల్ పైథాన్ పెదవుల వెంట చిన్న గుంటలున్నవి; చీకటిలో ఎలుక దేహపు వేడిని అది వానితో పసిగట్టును. అంతటి సున్నితమైన ముఖము గల జంతువు తన కడుపు క్రింద నేల కాలుచుండగా లేచిపోదు. ప్రకృతిలో వేడి పైనుండి వచ్చును, నేల ఎప్పుడును నిప్పు కాదు; కాబట్టి క్రిందినుండి తప్పుకొనవలెనను పాఠము దానికి ఎవరును నేర్పియుండలేదేమో.

గత చలికాలమున మా విద్యార్థి యొకని బంధువుల ఇంట ఇట్లే జరిగినది. అమ్మినవాడు మ్యాటును నేరుగా ప్లగ్గుకు తగిలింపుడని చెప్పెనట. థర్మోస్టాటు మాట ఎత్తలేదు. వారము గడచిన పిమ్మట పాము కడుపు పొలుసులు గోధుమరంగునకు తిరిగి, తరువాత ఊడి పుండైనది. పశువైద్యుడు మందు వేసెను గాని, రెండు మారులు కుబుసము విడిచిన తరువాత సహా మచ్చ పోలేదు. పాము బ్రతికినది. ఆ ఇంటి చిన్నపిల్ల నాటినుండి దానిని తాకుట మానినది. మచ్చను చూచి భయము కాదు, దానికి నొప్పి కలుగునని.

బల్బు పైనుండి వేడి నిచ్చును, సూర్యునివలె. పాత తంతువు బల్బు తాను తీసికొను విద్యుత్తులో అత్యధిక భాగమును వేడిగానే మార్చును. దీపముగా అది దుబారా, హీటరుగా అది సమర్థము. రాత్రియంతయు వెలిగినచో పామునకు పగలు రాత్రి భేదము పోవును. పెట్టెలోపల వ్రేలాడదీసినచో పాము దానిని చుట్టుకొని కాలిపోవును. చుట్టును తీగెల జాలరి తప్పదు. సిరామిక్ హీటరు వెలుగు లేకయే వేడి నిచ్చును గాన రాత్రికి తగినది. కాని దాని ముఖము బల్బు ముఖముకంటె ప్రమాదకరము, ప్లాస్టిక్ హోల్డరు దానికి పనికిరాదు, పింగాణి హోల్డరే ఉండవలెను. అది పెట్టెలోని గాలిని ఆరబెట్టును. మన చలికాలపు గాలి మొదలే పొడి. వెడల్పయిన నీటిపాత్ర నొకటి లోపల నుంచనిచో కుబుసము ముక్కలు ముక్కలుగా ఊడును.

గదినంతయు వేడిచేయుట జంతుప్రదర్శనశాలలకు తగును, మనకు తగదు. ఒకరిద్దరు కుంపటి పెట్టిన చాలదా యని అడిగిరి. మూసిన గదిలో అంగీఠీ పెట్టుకొని నిదురించిన కుటుంబములు తెల్లవారునప్పటికి లేవకపోయిన వార్తలు ప్రతి చలికాలమును పత్రికలలో వచ్చుచుండును. పాము మాట అటుంచుడు, మనుష్యులకే అది తగదు.

పై పద్ధతులలో దేనినైనను థర్మోస్టాటు లేక తగిలించుట బ్రేకు లేని బండిని వాలున వదలుట. మన పారిశ్రామిక వాడలో ఈ మాటను వివరింప నక్కరలేదు. ఇక్కడి మందుల కర్మాగారములలో మాత్రల నాణ్యతను పరీక్షించుటకు స్టెబిలిటీ చాంబరులు ఉన్నవి. 40 డిగ్రీలు, 75 శాతము తేమ అని నిర్ణయించి ఆరు నెలలు మాత్రలను వానిలో నుంచుదురు. ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు ప్రక్కకు పోయినచో అలారము మ్రోగును, పుస్తకములో వ్రాయుదురు, కారణము అడుగుదురు. మన విద్యార్థుల అన్నలు, తండ్రులు కొందరు ఆ పుస్తకములో సంతకము పెట్టువారే. నొప్పి తెలియని మాత్రకు జరుగు ఈ గౌరవము, నొప్పి తెలిసిన జంతువునకు మన ప్రయోగశాలలో జరుగకుండుటకు మేము కారణము కనుగొనలేకపోయితిమి. కొండచిలువ తల్లి సహితము థర్మోస్టాటు నెరుగును. గ్రుడ్లను చుట్టుకొని కండరములను వణికించి అది వేడి పుట్టించును. గాలి చల్లబడిన కొలది వణకు హెచ్చించునని 1966లో న్యూయార్కు జంతుప్రదర్శనశాలలో కొలిచి చూచిరి.

థర్మోస్టాటు కొన్నంతమాత్రమున పని ముగియదు. దాని కొస తీగెను, అనగా ప్రోబును, పాము పడుకొను ఎత్తున కదలకుండ బిగింపవలెను. పాము దానిని లాగి నీటిపాత్రలో పడవేసినచో, యంత్రము పెట్టె చల్లబడినదని భ్రమించి హీటరును ఆపక నడుపును. కావున థర్మోస్టాటుతో సంబంధము లేని థర్మామీటరు ప్రతి కొసను ఒకటి ఉండవలెను. కర్మాగారములో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని నేర్చిన కుర్రవానికి ఇది చెప్పనక్కరలేని పాఠము. పాము కొన్న కుర్రవానికి మాత్రము ఎవరును చెప్పుట లేదు.

మా ఎన్నిక చెప్పవలెనన్నచో: మూడు ప్రక్కల చెక్క, ముందు అద్దము గల పెట్టె, చలికాలపు రాత్రులకు ఒక కొస పైభాగమున జాలరి లోపల తక్కువ వాట్ల సిరామిక్ హీటరు, దానికి థర్మోస్టాటు. నాలుగు ప్రక్కల అద్దమున్న తొట్టి చేపలకు మంచిది, పాముకు రాత్రిపూట వేడిని నిలుపదు. 40 వాట్ల హీటరు పండ్రెండు గంటలు ఎడతెగక నడచినను యూనిటులో సగము కూడ కాదు. థర్మోస్టాటు ఉన్నచో అంతయు నడువదు. కరెంటు పోయినచో వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి పెట్టె వెలుపలి ప్రక్కకు ఆనింపవచ్చును. మార్చి రాగానే హీటరును విప్పి బీరువాలో పెట్టవలెను. ఈ చివరి మాటను మేము నొక్కి చెప్పుచున్నాము, ఏలనగా స్విచ్చి ఆపుట వేరు, విప్పి దాచుట వేరు. మే నెలలో సెలవులకు పోవు తొందరలో ఎవరో ఒకరు తప్పక స్విచ్చి నొక్కుదురు.

దీనికి ఎదురువాదము కలదు, అది నిర్లక్ష్యము చేయదగినది కాదు. బాల్ పైథాన్ తన దేశమున పగటివేళ ఎలుకబొరియలలోను, చెదపుట్టలలోను దాగియుండును. ఎండలో పడుకొనునది కాదు. కాబట్టి క్రిందినుండి వచ్చు వెచ్చదనమే దానికి సహజము అందురు. మాట నిజమే. కాని బొరియ గోడ వెచ్చదనము పగలంతయు ఎండ త్రాగిన మట్టిది. అది మెల్లగా ఎక్కును, మెల్లగా దిగును, ఒక్క రాత్రిలో కాల్చునంతగా పెరుగదు. మ్యాటు అట్టిది కాదు. ప్రోబును మ్యాటునకును పెట్టె అడుగునకును నడుమ బిగించి, అడుగున మూడవ వంతును మించకుండ పరచినచో మాకును అభ్యంతరము లేదు. మా తగవు మ్యాటుతో కాదు, నేరుగా ప్లగ్గుకు పోవు తీగెతో.

మరియొక సంగతిని కార్యవర్గము వారి దృష్టికి తెచ్చుచున్నాము. పామును ఇంట పెంచు విద్యార్థులలో పలువురు కుటుంబమంతయు ఒకే గదిలో నిదురించు కాలనీలలో నున్నవారు. పెట్టెలో ఎండిన పీచు, ప్రక్కన పరుపు, ఒకే ఎక్స్‌టెన్షను బోర్డుపై ఫ్రిజ్, టీవీ, హీటరు. కాలునది పాము కడుపు మాత్రమే యని మేము అనుకొనుట లేదు. కళాశాల తన పెట్టెను చక్కగా ఏర్పరచినచో దానిని చూచి పది ఇండ్లలోని పెట్టెలు మారును. కళాశాలయే చవుక దారి పట్టినచో ఆ పది ఇండ్లు అదే దారి పట్టును.

కావున మా ప్రార్థన యిది. ఈ సంవత్సరము పాము వద్దు, పెట్టె చేయింపుడు. జంతుశాస్త్ర విద్యార్థులును భౌతికశాస్త్ర విద్యార్థులును కలిసి హీటరును, థర్మోస్టాటును, రెండు థర్మామీటర్లను అందులో అమర్చి, నవంబరు మొదలు మే నెల చివరివరకు దినమునకు మూడుమారులు, తెల్లవారుజామున ఒకమారు తప్పక, రెండు కొసల ఉష్ణోగ్రతను వ్రాసి యుంచవలెను. సెలవు దినములలో వాచ్‌మన్ వ్రాయును. అతనితో మేము మాటలాడితిమి, ఒప్పుకొనినాడు, పుస్తకమునకు గీతలు గీసి ఇమ్మని మాత్రము అడిగినాడు.